బూడిదలో చల్లారిన గొలుసు

గని కాలనీ,
కొలిమి వెనక ఇల్లు.

పూజ్యులైన అన్నయ్యకు, తమ్ముడు నమస్కరించి చేసుకునే విన్నపం.

ఇక్కడ అందరం క్షేమమని వ్రాయబోతే చేయి రావడం లేదు. మా ఇంటివరకు క్షేమమే. మొదటి బావిలో మనుషులను దించి ఎక్కించే బోను ఒరిగిపోయి మనుషులు పడ్డారన్న వార్త మీరు పత్రికలో చూసే ఉంటారు. పత్రికవాళ్ళు తాడు తెగిందని వ్రాశారు. తాడు తెగలేదు. బోనును తాడుకు వేలాడదీసే నాలుగు గొలుసుల్లో ఒకదాని లంకె విరిగింది. ఉదయం పాళీ ముగించుకుని పైకి వస్తున్నవాళ్ళు. నేల అందుకోవడానికి కాస్త దూరం ఉందనగా బోను పక్కకు ఒరిగి, బావి దూలాలకు కొట్టుకుని ఇరుక్కుపోయింది. పంపుల దగ్గర పనిచేసే ముసలాయన జారి కిందికి పోయాడు. మిగిలినవాళ్ళను ఒక్కొక్కరినే నిచ్చెన మీద పైకి తెచ్చాము. ఎవరికి కాలు, ఎవరికి పక్కటెముకలు. ముసలాయన చెప్పులు రెండూ బోనులోనే ఉండిపోయాయి. అవి ఎవరికి ఇవ్వాలో తెలియక నా దగ్గరే ఉంచాను.

బోనును దించి లాగే ఇంజను తోలే మన గడియారాన్ని పనిలోంచి నిలిపివేశారు. మీకు గుర్తున్నాడు కదా. మనతోపాటు బడికి వచ్చి, ముల్లు తిరిగినట్టు వేళకు లేచి ఇంటికి పోయేవాడు. ఆ పేరే నిలిచిపోయి అసలు పేరు వాడికే జ్ఞాపకం లేదు. వాడు ఉన్నట్టుండి బ్రేకు వేశాడని, ఆ కుదుపుకు గొలుసు తెగిందని మేనేజరుగారి మాట. పోలీసులు పిలిపించి కూర్చోబెడుతున్నారు. నిన్న ఎవరో వాడి ఇంటి కిటికీ పగులగొట్టారు.

విరిగిన లంకె రెండు ముక్కలనూ నేనే వెతికి ఏరాను. బురదా గ్రీజూ పట్టి, చూడడానికి అసహ్యంగా ఉన్నాయి. అట్లాగే పంపితే మన కొలిమికి మర్యాద కాదని కిరసనాయిలుతో కడిగి, గరుకు గుడ్డతో తెల్లగా వచ్చేదాకా తుడిచి, రెండు ముఖాలనూ ఒకదానికొకటి కలిపి చూశాను. వెంట్రుక దూరకుండా కూర్చున్నాయి. పది పన్నెండుసార్లు విడదీసి మళ్ళీ కలిపాను. ఎందుకో చెప్పలేను, చేతులు మానలేదు. తరువాత పెట్టెలో పెట్టి గనుల తనిఖీ అధికారికి అప్పగించాను. ప్రభుత్వ పరిశోధనశాలకు పంపుతామన్నారు. అది మీ పరిశోధనశాలేనా? "బావగారు చూస్తే ఇంక మనకు దిగులేమిటి" అంటుంది మీ మరదలు. నాకూ అంతే. గొలుసులో లోపం లేదని మీరు ఒక్క మాట వ్రాస్తే ఈ ఊరి నోరు మూతపడుతుంది.

వదినగారికి నమస్కారాలు.

ఇట్లు,
మీ తమ్ముడు.


లోహ పరిశోధనశాల,
రెండో అంతస్తు.

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. పంపుల ముసలాయన మరణం మనసును కలచివేసింది. నాన్నగారి దగ్గరకు వచ్చి, కొలిమి అంచున చుట్ట ముట్టించుకుని వెళ్ళేవాడు, ఆయనే కదూ?

విరిగిన ముక్కలు ఏ పరిశోధనశాలకు వెళ్తాయి, ఎవరి బల్లమీదికి వస్తాయి అన్నవి నేను వ్రాయరాని సంగతులు. నువ్వూ అడగవద్దు. కోపగించుకోకు. ఇంతకాలం ఈ ఉద్యోగం నాకు అన్నం పెట్టింది ఆ ఒక్క నియమం మీదనే.

అయితే ఒక సాధారణ విషయం చెప్పవచ్చు. ఇక్కడ కొత్తగా చేరినవాళ్ళకు మేము మొట్టమొదట నేర్పే పాఠం, విరిగిన రెండు ముఖాలను ఎన్నడూ ఒకదానితో ఒకటి తాకించవద్దని. మనిషి చేతికి విరిగినవాటిని కలిపి చూడాలనే ఉంటుంది. కానీ ఆ ముఖం మీదనే కథంతా ఉంటుంది: పగులు ఎక్కడ పుట్టిందో, ఎంతకాలం మెల్లగా నడిచిందో, చివరి దెబ్బ ఏ పక్కనుంచి పడిందో. సన్నటి అలల గీతల్లాగా కనిపిస్తుంది అది. ఒక్కసారి రాసుకుంటే చెరిగిపోతుంది. నువ్వు గుడ్డతో తుడిచిన సంగతి రెండుసార్లు చదివాను. నిన్ను తప్పుపట్టడం కాదు. నీకు ఎవరూ చెప్పలేదు.

ఇంకొక మాట. మొన్న ఏదో పని చేసుకుంటుంటే నాన్నగారి పద్యం నోటికి వచ్చింది. గొలుసులు కొలిమిలో పెట్టి, తిత్తి ఊదుతూ, ఆయన తాను కట్టిన పద్యాలు వరుసగా చదివేవారు. ఆ వరుస పూర్తయితే ఇనుము కాలినట్టు లెక్క. మొదటిది ఇదే కదా:

ఇనుము మంటలోన నెఱ్ఱబాఱినవేళ
కొలిమి ముందు నిలిచి కోపముడుగు
చేయి తొందరింప చెడిపోవు పనియెల్ల
ఆగి చూచు చూపె యసలు గురువు

రెండో పద్యం నాకు సగమే గుర్తు వస్తున్నది. నువ్వు వ్రాసి పంపు. ఆరునెలలకు ఒకసారి గొలుసులు కాల్చి బూడిదలో చల్లార్చే ఆ పద్ధతి ఇప్పటికీ సాగుతున్నదా? ఊరికే తెలుసుకుందామని.

మరదలికీ పిల్లలకూ ఆశీస్సులు.

నీ అన్నయ్య.


గని కాలనీ,
కొలిమి వెనక ఇల్లు.

పూజ్యులైన అన్నయ్యకు నమస్కారాలు.

ఆ పద్యం మీ చేతివ్రాతలో చూసి మీ మరదలిని పిలిచి చదివి వినిపించాను. "ఇంత పెద్ద ఉద్యోగంలో ఉండీ ఆయనకు మామగారి పద్యాలు గుర్తున్నాయా" అని ఆశ్చర్యపోయింది. రెండోది వేరే కాగితం మీద వ్రాసి జతచేశాను.

పద్ధతి సాగకపోవడమేమిటి అన్నయ్యా. ఈ గనిలో మేనేజర్లు మారారు, ఇంజన్లు మారాయి, దీపాలు మారాయి, అది మారలేదు. రోజూ కుదుపులు తిని తిని ఇనుము బిరుసెక్కుతుందని, దాన్ని ఎర్రగా కాల్చి బూడిదలో మెల్లగా చల్లారిస్తే మళ్ళీ మెత్తబడి ప్రాణం పోసుకుంటుందని నాన్నగారు చెప్పింది నేను ఒక్క విడతైనా తప్పలేదు. కాల్చిన గొలుసు బిగించాక మొట్టమొదట బోను ఎక్కి బావిలోకి దిగేది కాల్చిన మేస్త్రే. ఆ ఆచారమూ తప్పలేదు. నా పని మీద నాకు నమ్మకం లేకపోతే నేనే ఎక్కి దిగుతానా?

కిందటేడు కొత్త గొలుసులు వచ్చాయి. చూస్తే మీరు మురిసిపోదురు. పాతవాటిలో సగం లావు కూడా లేవు, నల్లగా నిగనిగలాడుతూ ఉంటాయి. "పాతవి మోసేదానికి రెట్టింపు మోస్తాయి మేస్త్రిగారూ" అన్నాడు కొత్త ఇంజనీరు. "మనిషి సన్నగా ఉంటే తిండి తక్కువ తింటాడా బాబూ, గొలుసు ఏదైనా సేవ సేవే" అన్నాను. నవ్వి వెళ్ళిపోయాడు. వేళకు వాటినీ విప్పి, నా చేతులతోనే, పద్యాలు రెండుసార్లు చదివి మరీ కాల్చాను. కొత్తవి కదా, ఇంకాస్త శ్రద్ధగా చేద్దామని. మొదటి బావివీ, రెండో బావివీ. అంత చేసిన గొలుసు దానంతట అది తెగిందంటే నేను నమ్మను.

అందుకే మేనేజరుగారు అడిగినప్పుడు బోను కుదుపు చూశానని చెప్పి సంతకం పెట్టాను. గడియారం మీద నాకు ద్వేషమా? వాడి పెళ్ళికి తలుపు గొళ్ళేలు కొట్టి ఇచ్చినవాణ్ణి. కానీ పొరబాటు ఎవరికైనా వస్తుంది. వాడికి ఆ రోజు వచ్చింది.

నిన్న వాడి భార్య మా గుమ్మంలోకి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"అన్నయ్యా, మా ఆయన ఆ రోజు కుదిపాడా?"

"వాడు కావాలని చేశాడని ఎవరన్నారమ్మా."

"నేను అడిగింది అది కాదు."

"చూసింది చెప్పాను తల్లీ."

"ఇంట్లో తలుపు కూడా చప్పుడవకుండా వేసే మనిషి అన్నయ్యా" అంది. అంటూనే మా తలుపు దగ్గరికి వేసి వెళ్ళిపోయింది. చప్పుడవలేదు.

మీ దగ్గరనుంచి ఆ ఒక్క మాట కోసం ఎదురుచూస్తున్నాను.

మీ తమ్ముడు.


లోహ పరిశోధనశాల.

చిరంజీవి తమ్ముడికి.

ఈ ఉత్తరాన్ని మనిషి చేత పంపుతున్నాను. చదివిన వెంటనే మేనేజరుగారి దగ్గరకు వెళ్ళు. రెండో బావి బోనులోకి ఇక ఒక్క మనిషి కూడా ఎక్కకూడదు. లోపల ఉన్నవాళ్ళను నిచ్చెనల దారిన పైకి రప్పించండి, ఎంత ఆలస్యమైనా సరే. తనిఖీ అధికారికి మా డైరెక్టరుగారి ఆజ్ఞ విడిగా వెళ్ళింది. అది అందేలోపు మరొక పాళీ దిగుతుందేమోనని నీకు వ్రాస్తున్నాను.

కారణం అడగవద్దు. నువ్వు కూడా ఎక్కవద్దు.

అన్నయ్య.


గని కాలనీ.

అన్నయ్యకు.

మీరు చెప్పినట్టే చేశాను. రెండో బావి ఆగిపోయింది. ఆ పాళీవాళ్ళు నిచ్చెనలు ఎక్కి ఎక్కి, పైకి వచ్చి, ఆయాసంతో నేలమీద పడిపోయారు. ఒకాయన నన్ను చూసి, "ఏం మేస్త్రీ, నీ గొలుసులకు నిద్ర కావాలా?" అన్నాడు. అందరూ నవ్వారు. గని మొత్తం పనిలేక కూర్చుంది. మేనేజరుగారు నన్ను పిలిచి, "మీ అన్నగారికి అంత తెలిసి ఉంటే నీకు ముందే ఎందుకు చెప్పలేదు?" అని అడిగారు.

ఇప్పుడు నేను అడుగుతాను. నేను తుడిచి పంపిన ఆ రెండు ముక్కలూ మీ బల్లమీదనే ఉన్నాయి. నా మొదటి ఉత్తరం మీకు అందేటప్పటికే ఉన్నాయి. అవునా?

అవును అయితే, నాన్నగారి పద్యం మీకు ఏదో పని చేసుకుంటుంటే నోటికి రాలేదు. నా చేత చెప్పించడానికి వచ్చింది. "ఊరికే తెలుసుకుందామని" అని వ్రాశారు. అన్నగా అడిగారు, అధికారిగా విన్నారు. నేను గర్వంగా, పిచ్చివాడిలాగా, అన్నీ విప్పి వ్రాశాను; పద్యాలు రెండుసార్లు చదివానని కూడా. ఆ కాగితాన్ని ఎంతమంది చదివి నవ్వుకున్నారు?

చిన్నప్పుడు నాన్నగారు నాకు పట్టకారు ఇచ్చి, మీకు పలక ఇచ్చారు. దానికి నేను ఎన్నడూ బాధపడలేదు. ఈ వారం పడ్డాను.

మీరు రెండో పద్యం సగం మరిచిపోయానన్నారు. అదైనా నిజమా?

తమ్ముడు.


లోహ పరిశోధనశాల,
రెండో అంతస్తు.

చిరంజీవి తమ్ముడికి అన్నయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరంలో ప్రతి మాటా న్యాయమే. ముక్కలు నీ మొదటి ఉత్తరం అందడానికి ముందురోజే నా బల్లమీదికి వచ్చాయి. పెట్టె మూత తీయగానే కిరసనాయిలు వాసన వచ్చింది. ఆ తుడుపు చూసి నీదేనని గుర్తుపట్టాను. ఆ క్షణంలోనే లేచి, ఆ గని కొలిమి మేస్త్రి నా తోడబుట్టినవాడని డైరెక్టరుగారికి చెప్పి తప్పుకోవలసింది. చెప్పలేదు. నేను చూస్తే నీకు మేలు జరుగుతుందని ఒక మూల ఆశ. ఆ ఆశతోనే నిన్ను అడిగాను. అడిగినది అన్నా, అధికారా అని నువ్వు నన్ను నిలదీశావు. అప్పుడు నాకే తెలియలేదు.

నీ రెండో ఉత్తరం చదివిన ఉదయం వెళ్ళి డైరెక్టరుగారికి అంతా చెప్పాను. నీ ఉత్తరాలను ఎవరికీ చూపలేదు, ఎవరూ నవ్వలేదు. ముక్కలు ఇప్పుడు మా విభాగంలోని ఒక యువతి చేతిలో ఉన్నాయి. ఆమె నాకు చదువులో శిష్యురాలు, పట్టుదలలో గురువు. నేను ఆమెతో ఈ విషయం మాట్లాడను. ఆమె తన కళ్ళతో చూసి తేల్చినది ఇప్పుడు నివేదికగా బయటికి వచ్చింది కనుక నీకు చెప్పవచ్చు. అన్ని గనులకూ హెచ్చరిక వెళ్ళింది.

తమ్ముడూ, నాన్నగారు కాల్చినది చేత ఇనుము, సుత్తితో కొట్టి సాగదీసే మెత్తటి రకం. అది నువ్వు చెప్పినట్టే బిరుసెక్కుతుంది, కాలిస్తే ప్రాణం పోసుకుంటుంది. ఆయన పద్ధతి ఆ ఇనుముకు అమృతం. ఇప్పుడు వచ్చినవి ఉక్కు గొలుసులు. చేసినచోటనే వాటిని కాల్చి, నూనెలో ముంచి, మళ్ళీ కొద్దిగా వేడిచేసి పదును పెడతారు. సన్నగా ఉండీ రెట్టింపు మోయడం ఆ పదును వల్లనే. కత్తికి పదును పెట్టి తెచ్చి మళ్ళీ పొయ్యిలో పడవేస్తే ఏమవుతుందో నీకు నేను చెప్పాలా? ముక్కను కోసి, అద్దంలా సానపట్టి, సూక్ష్మదర్శినిలో చూస్తే ఉక్కు లోపలి రేణువులు కనిపిస్తాయి. పదునున్న ఉక్కులో అవి పిండిలా ఉండాలి. ఇందులో ఇసుకలా ఉబ్బి ఉన్నాయి. అగ్నికి సాక్షి అని పేరు పెట్టిన పెద్దలు ఎందుకు పెట్టారో ఈ పరికరం ముందు కూర్చున్న ప్రతిసారీ నాకు అనిపిస్తుంది. అది తాకినచోట తాకినట్టు చెబుతుంది. తాకిన చేయి మంచి చేద్దామని తాకిందా, చెడు చేద్దామని తాకిందా అన్నది మాత్రం దానికి తెలియదు.

గొలుసు ఏదైనా గొలుసేనని నువ్వు అనుకున్నావు. కాదని చెప్పవలసినవాళ్ళు చెప్పలేదు. కొలిమిలో పెట్టరాదన్న మాట కొత్త ఇంజనీరుకు తెలుసు. ఈ కాలంలో ఎవరైనా పెడతారన్నది ఆయన ఊహించలేదు. నువ్వు పెట్టకుండా ఉండడమన్నది ఊహించలేదు. ఈ రెండింటి మధ్యనుంచి ఆ ముసలాయన జారిపోయాడు.

ఇక అసలు బాధ వేరే ఉంది. గొలుసు బలహీనపడిందని నివేదిక చెప్పగలిగింది. పగులు మెల్లగా నడిచి తెగిందా, ఒక్క కుదుపుకు తెగిందా అన్నది చెప్పలేకపోయింది. ఆ గీతలు విరిగిన ముఖం మీద ఉండవలసినవి. వాటిని గుడ్డ తుడిచింది, కలిపి కలిపి చూసిన చేతులు నలిపాయి. ఆ అమ్మాయి వారం రోజులు వెతికింది. మిగిలిన అంచు మీద ఏదో ఉన్నట్టుంది, ప్రమాణం చేయడానికి చాలదు అని నివేదికలో వ్రాసింది. మేనేజరు వకీలు సరిగ్గా అక్కడే పట్టుకున్నాడు: గొలుసు మెత్తబడితే మెత్తబడి ఉండవచ్చు, కానీ కుదపకపోతే ఆ రోజు తెగేది కాదు, కుదుపును మేస్త్రే చూశాడు అని. ఇప్పుడు గడియారాన్ని జైలుకు పంపేది ఉక్కు కాదు, నీ సంతకం.

అందువల్ల ఒక్కటే అడుగుతాను. ఈసారి అన్నగానే అడుగుతున్నాను. జవాబు నాకు వ్రాయనక్కరలేదు. ఆ కుదుపును నువ్వు కంటితో చూశావా? లేక, ఉండి తీరాలి అనుకున్నావా?

నువ్వు ఏం చెప్పినా నీ మీద కేసు వస్తుందో రాదో నేను హామీ ఇవ్వలేను. రాదని వ్రాసి, కొట్టివేశాను. పై కొట్టివేత అదే.

రెండో పద్యం నిజంగానే సగం మరిచిపోయాను. నువ్వు పంపిన కాగితం నా బల్ల అద్దం కింద ఉంది.

అన్నయ్య.


గని కాలనీ,
కొలిమి వెనక ఇల్లు.

పూజ్యులైన అన్నయ్యకు, తమ్ముడు నమస్కరించి చేసుకునే విన్నపం.

ఇన్నాళ్ళూ వ్రాయలేదు. మీ ఉత్తరాన్ని మీ మరదలి చేత చదివించుకున్నాను. నేను చదివితే రేణువుల దగ్గర ఆగిపోతున్నాను. ఆమె చివరిదాకా చదివి, మడిచి, "బావగారు అడిగింది నేనూ అడుగుదామనుకున్నాను. మీకు కోపం వస్తుందని ఊరుకున్నాను" అన్నది.

విచారణ గదిలో బల్లలు బడిలోలాగా వేశారు. గడియారం ముందు వరుసలో తల వంచుకుని ఉన్నాడు. తనిఖీ అధికారి నా సంతకం చూపించారు.

"కుదుపు చూశానన్నావు. ఎక్కడ నిలబడి చూశావు?"

"చూడలేదండీ."

మేనేజరుగారి వకీలు లేచాడు. అధికారి కూర్చోమన్నారు.

"కొలిమి దగ్గర ఉన్నానండీ. చప్పుడు విని తల ఎత్తేసరికి తాడు ఊగుతున్నది. అంతే చూశాను."

"మరి చూశానని ఎందుకు చెప్పావు?"

"నా గొలుసు దానంతట అది తెగదనుకున్నానండీ. తెగదు కాబట్టి ఎవరో తెంపి ఉండాలి. అక్కడ ఆ ఎవరో వాడొక్కడే ఉన్నాడు."

"గొలుసు కాల్చింది నువ్వేనా?"

"నేనే. రెండు బావులవీ. ఎవరూ కాల్చమనలేదు, ఎవరూ వద్దనలేదు."

వెనక వరుసలో ముసలాయన కూతురు ఉంది. చెప్పులు ఆమెకే ఇచ్చాను, మొన్న. అధికారి ఏమైనా అడుగుతావా అంటే ఆమె లేచి, "ఎందుకు కాల్చారు?" అన్నది. గట్టిగా కూడా అనలేదు. గొలుసు ఎందుకు కాల్చావంటే ఇంకెవరికైనా పద్యాలతో సహా చెప్పగలను. ఆమెకు చెప్పలేకపోయాను. "మా నాన్న కాల్చేవాడమ్మా" అని మాత్రం అన్నాను. ఆమె కూర్చుంది. ఆ మాటను ఆమె ఎట్లా తీసుకున్నదో తెలియదు. నాకే ఎట్లా తీసుకోవాలో తెలియడం లేదు.

గడియారాన్ని వదిలివేశారు. నా సంగతి ఇంకా తేలలేదు. కొలిమి గడప తొక్కవద్దన్నారు. కొత్త ఇంజనీరు మీదా, మేనేజరుగారి మీదా కూడా కాగితాలు నడుస్తున్నాయట. దానివల్ల నాకు తేలికపడలేదు.

నిన్న మొదటి బావికి కొత్త గొలుసులు బిగించారు. కొలిమి చూడనివి. బరువులు పెట్టి, ఖాళీగా తిప్పి, అన్ని పరీక్షలూ చేశారు. మనిషి దిగవలసిన వంతు వచ్చేసరికి ఇంజను గదిలోంచి గడియారం కబురు పంపాడు: ఆచారం ప్రకారం మొదట మేస్త్రి దిగాలి, మేస్త్రి ఎక్కకపోతే నేను పిడి పట్టను అని. మేనేజరుగారు విసుక్కున్నారు. "అతను ఇప్పుడు మేస్త్రి కాదయ్యా" అన్నారు. వాడు, "నాకు అదంతా తెలియదండీ, మా బావికి ఒకడే మేస్త్రి" అన్నాడట. చివరకు తనిఖీ అధికారి ఒప్పుకున్నారు, తానూ ఎక్కుతానన్నారు. గడియారం ఒప్పుకోలేదు. ఒక్కణ్ణే పంపమన్నాడు.

వెళ్ళేటప్పుడు ఇంజను గది కిటికీ పక్కగా పోవాలి. ఆ కిటికీలోంచి చూసి, సంతకం నాటినుంచి మొదటిసారి నాతో మాట్లాడాడు.

"ఎక్కు మేస్త్రీ. నా కుదుపు ఎట్లా ఉంటుందో చూద్దువుగాని."

ఎక్కాను అన్నయ్యా. నిజం చెబుతున్నాను, ఇన్నేళ్ళలో ఎన్నడూ లేని భయం వేసింది. నెత్తిమీద వేలాడుతున్నవి నా చేయి తగలని గొలుసులు. నా ప్రాణమున్నది నేను జైలుకు పంపబోయిన మనిషి చేతిలో. నోటికి పద్యం రాబోయింది. మొదటి పాదం దగ్గరే ఆపుకున్నాను. చేతిలో దీపం పట్టుకుని గోడ వైపు చూస్తూ నిలబడ్డాను. ఇటుకలు, వాటిమీద తడి, పైకి పోతూ ఉన్నాయి. తరువాత ఏదో ఆలోచనలో పడ్డాను; ముసలాయన ఈ ఇటుకల్లో ఏది చూసి ఉంటాడా అని. చాలాసేపటికి ఒక ఇటుక మీద నీటిబొట్టు ఉబ్బి, సాగి, రాలడం చూశాను. అది రాలి, ఇంకొకటి ఉబ్బింది. అదే ఇటుక. అప్పుడు తెలిసింది, గోడ కదలడం లేదు. నడిబావిలో బోను ఆగి ఉంది. ఎప్పుడు ఆగిందో నాకు తెలియదు. కాళ్ళకు తెలియలేదు, దీపంలోని వెలుగుకు తెలియలేదు. కిందనుంచి పంపుల చప్పుడు మాత్రం వస్తున్నది.

అట్లా ఎంతసేపు ఉంచాడో. బోనులోంచి పైకి సైగ చేసే గంటను నేను కొట్టలేదు. కొట్టే హక్కు నాకు ఉందనిపించలేదు.

తరువాత అడుగు దాకా దింపాడు. మళ్ళీ పైకి తెచ్చాడు. నేను బయటికి వచ్చి ఇంజను గది గుమ్మం దగ్గర నిలబడ్డాను. వాడు నూనెగుడ్డతో పిడి తుడుస్తున్నాడు. తల ఎత్తలేదు.

"కుదుపు తెలిసిందా?" అన్నాడు.

"ఆగిందనే తెలియలేదురా" అన్నాను.

తుడవడం ఆపలేదు. "ఆ ముక్క మీ అన్నయ్యకు వ్రాసి పంపు" అన్నాడు.

వ్రాస్తున్నాను.

మీ తమ్ముడు.